ఎరుపు చుట్టంలా రావాలి

పోయిన మే నెలలో పాత అక్వేరియం ట్యాంకు ఒకటి చూడ్డానికి వైజాగ్ శివార్లలోని మధురవాడ వెళ్ళాను. రెండడుగుల ట్యాంకు, స్టాండు, లైటు, ఫిల్టరు, మొక్కలకి కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే గ్యాస్ సిలిండరు, మొక్కలు, చేపలు అన్నీ కలిపి ఒకే రేటుకి ఇచ్చేస్తానని ఆయన ప్రకటన పెట్టాడు. ఇలాంటి ప్రకటనలు నాకు అలవాటే. వేసవి మొదలయ్యాక ఎక్కువవుతాయి. రేటు పక్కన 'అర్జెంట్' అని ఉంటే లోపల చేపలు చస్తున్నాయని అర్థం.

ఆయనకి ఇరవై ఏడెనిమిదేళ్ళుంటాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ట్యాంకు పెట్టి ఎనిమిది నెలలైందట. తలుపు తీయగానే హాల్లో మూలన కుంపటి రాజేసినట్టు ఎర్రగా కనబడింది. రోటాలా, లుడ్విజియా, ఆల్టర్‌నాంథెరా అనే నీటి మొక్కలు వరసలు వరసలుగా ఉన్నాయి. నిజం చెప్పాలంటే కడుపు మండింది. నా ట్యాంకులో అంత ఎరుపు ఎప్పుడూ రాలేదు.

బేరం మొదలుపెట్టేలోపే కరెంటు పోయింది. ఆయన ఫోన్ టార్చి వేసి అద్దానికి ఆనించి పట్టాడు. ఇందాకటి కుంపటి ఏమైపోయిందో తెలీదు. నానిన ఇటుక రంగు ఆకులు, అంచుల వెంబడి నల్లటి పాచి, అడుగున కుళ్ళిన కాడలు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత ఆయనే నవ్వాడు. "ఆకులు ఎర్రబడతాయని ఇదంతా చేశానన్నా. కరెంటు బిల్లు చూసి నా కళ్ళే ఎర్రబడ్డాయి."

ఈ లైట్ల సంగతి తెలిసిన వాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. ప్లాంటెడ్ ట్యాంకుల కోసం, అంటే మొక్కలే ముఖ్యంగా పెంచే ట్యాంకుల కోసం అమ్మే ఎల్‌ఈడీల్లో ఎరుపు, నీలం పాళ్ళు పెంచి ఉంటాయి. వాటి కింద గోధుమ రంగు ఆకు కూడా ఎర్రగా మెరుస్తుంది. వీడియోల్లో మనం చూసి మురిసిపోయే ఎరుపులో సగం ఆకుది, సగం లైటుది. నాకూ తెలుసు. తెలిసి కూడా తలుపు దగ్గరే పడిపోయాను కదా, అదీ బాధ.

బండి మీద తిరిగి వస్తూ ఒక నిర్ణయానికొచ్చాను. వైజాగ్‌లో ప్లాంటెడ్ ట్యాంకు పెట్టాలనుకునేవాళ్ళు ముందు మే నెల గురించి ఆలోచించాలి. రంగు గురించి ఆలోచన ఆ తర్వాత, వీలైతే అన్నిటికన్నా చివర్లో. ఎరుపు మన ట్యాంకుకి చుట్టంలా రావాలి, నాలుగు రోజులుండి పోవాలి. ఆ చుట్టం కోసం ఇల్లంతా కూల్చి కట్టుకున్నవాళ్ళే చివరికి అర్జెంట్ అని ప్రకటన పెడుతున్నారని నా అనుమానం.

ఆకు ఎందుకు ఎర్రబడుతుంది

ఐరన్ ఎరువు సీసా పోస్తే ఆకులు ఎర్రబడతాయని షాపులో చెప్పారు, నేనూ నమ్మాను. మూడు సీసాలయ్యాక పాచి మాత్రం బాగా ఎదిగింది. ఐరన్ లేకపోతే కొత్త చిగుళ్ళు పాలిపోతాయి, అది నిజమే. అయితే చాలా మొక్కల్లో ఎరుపు తెచ్చేది ఆంథోసయనిన్ అనే రంగు. ఎండ ఎక్కువై తట్టుకోలేనప్పుడు ఆకు తన మీద తాను కప్పుకునే గొడుగు లాంటిది అది. రోటాలా లాంటి మొక్కల్లో ఇంకో మెలిక ఉంది. నీళ్ళలో నైట్రేట్ తగ్గించి, లైటు పెంచితే అవి బాగా ఎర్రబడతాయి. అంటే తిండి తగ్గించి ఎండలో నిలబెట్టడమన్నమాట. పోటీలకి ట్యాంకులు తయారుచేసేవాళ్ళు చాలామంది చేసేది ఇదే.

మా ఎంవీపీ కాలనీ వీధిలో బాదం చెట్లున్నాయి. వాటి ఆకులు ఎర్రగా మెరిసేది రాలిపోయే ముందే. రోజూ వాటి కిందినుంచే బండి తీస్తాను. నైట్రేట్ కథ తెలిశాక మాత్రం ఆ ఎరుపుని అదివరకటి కళ్ళతో చూడలేకపోయాను. (ఎండిన బాదం ఆకుల్ని ఆన్‌లైన్‌లో ప్యాకెట్లలో అమ్ముతారు. నీళ్ళకి టీ రంగు, చేపలకి మంచిది. మా వాచ్‌మన్ రోజూ వాటిని ఊడ్చి తగలబెడతాడు.)

అయితే ఇక్కడ నన్ను నేనే అడ్డుకోవాలి. ఎర్రమొక్కలన్నీ ఆకలితో ఎర్రబడవు. ఆల్టర్‌నాంథెరా తిండి బాగా పెట్టినా ఎర్రగానే ఉంటుంది, దాని జాతే అంత. రోటాలా మాక్రాండ్రా మన పడమటి కనుమల మొక్క, కాబట్టి ఎరుపంతా విదేశీ మోజని కొట్టిపారేయడానికీ లేదు. నా వాదన మొత్తం రోటాలాల మీదే నిలబెడితే అది అన్యాయం.

ఆల్టర్‌నాంథెరా అన్నాను కాబట్టి మా అమ్మ మాట కూడా చెప్పేస్తాను. మొదటిసారి అది తెచ్చి సింకులో కడుగుతుంటే చూసి, "ఏట్రా ఇది? పొన్నగంటి కూర నీళ్ళలో పెంచుతున్నావేటి?" అంది. నేను నవ్వి, ఇది దక్షిణ అమెరికా మొక్కమ్మా అని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. తర్వాత చూస్తే పొన్నగంటి కూరదీ అదే కుటుంబం, అదే ప్రజాతి. అంతకన్నా ఘోరం ఏమిటంటే, ఇంకోసారి ఒక షాపులో 'రెడ్' అని అమ్మిన కట్ట నిజంగానే పొన్నగంటిలో ఎర్ర రకం. గట్టు మీదా చిత్తడిలోనూ హాయిగా బతికే మొక్కని నిండా ముంచి పెడితే నెలన్నర ఓపిక పట్టింది, ఆ తర్వాత కాడలతో సహా కుళ్ళిపోయింది. లక్కీ బ్యాంబూని కూడా అక్వేరియం మొక్క అనే అమ్ముతారు. తప్పు షాపు వాడిదే అనలేను. ఎర్రగా ఏదన్నా ఉందా అని అడిగింది నేనే.

మన నీళ్ళు, మన ఉక్కపోత

ఈ సరదాకి సంబంధించిన జ్ఞానం చాలావరకు చలి దేశాల్లో పుట్టింది. పూలు లేకుండా ఆకులతోనే పూలతోటలా వరసలు కట్టే పద్ధతి డచ్చి వాళ్ళది. రాళ్ళూ దుంగలతో కొండకోనలు కట్టే పద్ధతికి పేరు తెచ్చిన తకాషి అమానోది జపాన్‌లో మంచు కురిసే నీగాతా. వాళ్ళ పుస్తకాల్లో మొదట కొనవలసిన వస్తువు హీటరు. మనం అది కొంటే షాపు వాడే నవ్వుతాడు.

వైజాగ్‌లో ఎండ విజయవాడంత ఉండదని మనకి గర్వం. ట్యాంకు విషయంలో ఆ గర్వం పనికిరాదు. వేసవిలో నీళ్ళు చల్లబరచడానికి అందరూ చెప్పే చిట్కా, పైన చిన్న ఫ్యాను పెట్టమని. ఫ్యాను గాలికి నీరు ఆవిరైతేనే కదా చల్లబడేది. మన గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, ఇంక ఆవిరి ఎక్కడికి పోతుంది? పొడి గాలి ఉన్న ఊళ్ళలో మూడు నాలుగు డిగ్రీలు తగ్గించే ఫ్యాను మా ఇంట్లో ఒక్క డిగ్రీ తగ్గించి ఆయాసపడుతుంది. పోయిన మేలో మా థర్మామీటరు చాలా రోజులు 31 దగ్గరే ఉండిపోయింది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా కరిగే ఆక్సిజన్, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకి పడిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ కూడా అంతే, నిలవదు. అటు వేడికి మొక్క ఊపిరి వేగం పెరిగి, పగలంతా కూడబెట్టుకున్నది రాత్రికే ఖర్చు చేసేస్తుంది. నిదానంగా పెరిగే ముదురాకు మొక్కలు ఎలాగో నెట్టుకొస్తాయి. గబగబా ఎదిగే ఎర్ర చిగుళ్ళే ముందు పోతాయి. నీళ్ళని చల్లబరిచే యంత్రం, చిల్లరు, పెట్టొచ్చు, కానీ దాని ధరకి మధురవాడ ట్యాంకులు నాలుగొస్తాయి.

నీళ్ళ సంగతి ఇంటికో తీరు. మున్సిపల్ కుళాయి నీళ్ళయితే ఒక రోజు బకెట్లో నిలవబెడితేనో, చిటికెడు హైపో వేస్తేనో క్లోరిన్ పోతుంది. బోరు నీళ్ళు, అందులోనూ సముద్రం పక్క వీధుల్లోవి, నోట్లో వేసుకుంటేనే తెలిసిపోతాయి. నా తొమ్మిదో తరగతి తెలివి ఇంకా గొప్పది. బీచ్ రోడ్డులో చేపల ప్రదర్శనశాల మత్స్యదర్శిని చూసొచ్చిన ఊపులో ఆర్కే బీచ్ నుంచి సంచీడు ఇసుక మోసుకొచ్చి, పది నీళ్ళలో కడిగి ట్యాంకులో పోశాను. ఉప్పు పోయింది కానీ గవ్వల పొడి పోతుందా? అది సున్నమే. నెమ్మదిగా కరిగి నీళ్ళని బరువెక్కించింది. గప్పీ చేపలు పండగ చేసుకుని పిల్లల మీద పిల్లల్ని పెట్టాయి. మొక్కలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు ఏ రాయి తెచ్చినా ముందు నిమ్మకాయ పిండుతాను. నురగొస్తే సున్నపురాయి, బాల్కనీకి పంపేస్తాను. ఇల్లు కట్టే చోట్ల దొరికే మన కొండల ఎర్ర ఖోండలైట్ ముక్కలకి నురగ రాదు, పైగా ముక్కకో రంగు. దుకాణంలో కిలోల లెక్కన అమ్మే జపాన్ పేర్ల రాళ్ళకన్నా నాకవే నచ్చుతాయి.

ఆ తొమ్మిది రోజులు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజు గురించి వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. మా వీధికి కరెంటు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. మొదటి రోజు ట్యాంకు ఊసు ఎవరికీ లేదు. రెండో రోజు సాయంత్రం చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. చెంబు తీసుకుని ట్యాంకులో నీళ్ళే ముంచి, ఎత్తు నుంచి మళ్ళీ అందులోనే పోయడం మొదలుపెట్టాను. రెండు గంటలకోసారి, రాత్రిళ్ళు అలారం పెట్టుకుని మరీ. పక్కింటి బాబాయిగారు కొవ్వొత్తి వెలుగులో అది చూసి, "మనుషులకే నీళ్ళు లేవు, నువ్వు చేపలకి పోస్తున్నావా?" అని కోప్పడ్డారు. "అవే నీళ్ళు బాబాయిగారూ" అన్నాను. ఆయనకి నమ్మకం కలగలేదు. ఆయన్ని తప్పుపట్టను. వాటర్ ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్టుకుంటున్న రోజుల్లో ఒక గాజు పెట్టెకి కాపలా కాయడం నాకే సిగ్గనిపించింది.

మూడో రోజు ఫిల్టరు స్పాంజి బయటికి తీశాను. నీరు ఆడకపోతే అందులోని బ్యాక్టీరియా చచ్చి కుళ్ళుతుంది, కరెంటొచ్చాక ఆ విషమంతా ఒక్కసారి ట్యాంకులోకి కక్కేస్తుంది. ఈ సంగతి అప్పటికే తెలిసి ఉండడం నా అదృష్టం.

అయిదారు రోజుల చీకటికే లుడ్విజియా, రోటాలా నీరుగారిపోయాయి. దుంగకి దారంతో కట్టిన అనుబియాస్, జావా ఫెర్న్ మాత్రం ఏమీ జరగనట్టు ఉన్నాయి. క్రిప్టోకొరైన్ అనే మొక్కకి ఆకులన్నీ కరిగిపోతే, అది చచ్చిపోయిందనే అనుకున్నాను. బయట ఊరు కూడా అలాగే ఉంది. కైలాసగిరి బోడిగుండైంది, మిగిలిన చెట్ల ఆకులు నిప్పంటుకున్నట్టు మాడిపోయాయి. పొద్దున్నే వీధిలోకి చూసి ఇంట్లోకి తిరిగితే కళ్ళకి ఆనే పచ్చదనం ఆ దుంగ మీది నాలుగు ఆకులే. కొన్ని వారాలకి మోళ్ళకి చిగుళ్ళొచ్చాయి. ఇంచుమించు అప్పుడే క్రిప్టోకొరైన్ కూడా ఇసుకలోంచి కొత్త ఆకు తోసింది. అప్పటి నుంచి ఏ మొక్క కొనబోయినా ఇది తొమ్మిది రోజులు చీకట్లో ఉండగలదా అనే అడుగుతాను. ఇలా అడగడం ఎంతవరకు సబబో తెలీదు. తుపానులో బతికేదాన్ని బట్టే ఇల్లు సర్దుకుంటే ఇంట్లో సోఫా కూడా ఉండకూడదు.

మరి రంగెక్కడ?

మా అమ్మాయి అడిగేది ఇదే. "నాన్నా, పింక్ రాళ్ళు వేద్దాం." వాళ్ళ స్నేహితురాలి ఇంట్లో తెల్లవీ పింకువీ రాళ్ళు, బుడగలు వదిలే బొమ్మ ఉన్నాయి. ఒకే రోజు ఒకే షాపులో మేమూ వాళ్ళూ చెర్రీ బార్బ్‌లు కొన్నాం. నెల తర్వాత వాళ్ళింటికి పుట్టినరోజుకి వెళ్తే అవి గంజిలో నానినట్టు వెలిసిపోయి ఉన్నాయి. కింద నేల తెల్లగా ఉంటే చేప తన రంగు దాచుకుంటుంది, పైనుంచి కొంగ చూస్తుందన్న భయం దాని ఒంట్లోనే ఉంది. మా ట్యాంకులో అడుగున నల్లటి ఇసుక, వెనక నల్ల చార్టు పేపరు, నిండా ఆకులు. మగవి దానిమ్మ గింజల్లా ఉన్నాయి. ఇంటికొచ్చి ఇది చూపిస్తే అమ్మాయి కాసేపు ఆలోచించి, "అయితే చేపలకి పింక్ పెయింట్ వేసినా వస్తుంది కదా" అంది. రంగు ఎక్కించిన చేపలు నిజంగానే అమ్ముతారని దానికి ఇంకా చెప్పలేదు.

ఆకుపచ్చలోనే ఎన్ని రంగులున్నాయో కూరల బజారుకి వెళ్ళేవాళ్ళకి తెలుసు. నా ట్యాంకులో అనుబియాస్ కరివేపాకు పచ్చ, వాలిస్నేరియా లేత గడ్డి పచ్చ, క్రిప్టోకొరైన్ ముదురు చింతచిగురు రంగు. ముందు ముదురువి, వెనక లేతవి పెడితే రెండడుగుల పెట్టెకి లోతొస్తుంది. దుంగని సరిగ్గా మధ్యలో పెట్టకుండా ఒక పక్కకి జరిపితే చాలు. డిజైన్ అని పెద్ద పేరు పెట్టేదానికి నాకు తెలిసింది ఇంతే, నాలుగేళ్ళలో దుంగని పదిసార్లు జరిపి నేర్చుకున్నది. అమానో చివరి పెద్ద పని 2015లో లిస్బన్ ఓషనేరియంలో కట్టిన 40 మీటర్ల ట్యాంకు. ఫొటోల్లో చూడండి, కళ్ళకి ఆనేది పచ్చదనమే.

అన్నట్టు, పాచి తింటుందని షాపుల్లో అంటగట్టే సక్కర్ ఫిష్ మాత్రం వద్దు. అడుగు పొడవు దాటాక ఎవరూ ఉంచుకోరు, తీసుకెళ్ళి చెరువులో వదిలేస్తారు. మన చేపల చెరువుల రైతులు దాన్ని డెవిల్ ఫిష్ అని ఊరికే తిట్టడం లేదు. ట్యాంకులో కత్తిరించిన మొక్కల్నీ గెడ్డల్లో, వాగుల్లో పారేయకండి. మనకి మామూలు నాచుగా కనిపించే హైడ్రిల్లా 1950ల్లో అక్వేరియం వ్యాపారం మీదే ఫ్లోరిడా కాలవల్లో పడింది, ఇప్పటికీ వాళ్ళు దానితో కుస్తీ పడుతున్నారు.

బావమరిది మాట

ఇదంతా గాజువాకలో ఉండే మా బావమరిదికి చదివి వినిపించాను. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. అతని ట్యాంకు నిజంగానే ఎర్రగా ఉంటుంది, టార్చి వేసి చూసినా సరే. "బావా, నీది బద్ధకం. దానికి సిద్ధాంతమని పేరు పెట్టుకున్నావు" అన్నాడు.

జవాబు చెప్పబోయి ఆగాను. అతను నైట్ షిఫ్టు దిగి వచ్చి, నిద్రకి ముందు సిరంజితో ఎరువు చుక్కలు కొలిచి పోస్తాడు. ఆదివారం సగం నీళ్ళు మారుస్తాడు. ట్యాంకున్న గదికి ఏసీ ఉంది. మధురవాడ అబ్బాయిలా మధ్యలో విసుగు పుట్టలేదు. "ఎరుపు కోసం పాకులాడకపోతే నీకు నైట్రేట్ అంటే ఏంటో తెలిసేదా?" అని కూడా అడిగాడు. తెలిసేది కాదు. ఆ మూడు ఐరన్ సీసాలూ, కుళ్ళిన పొన్నగంటి కట్టా లేకపోతే ఇక్కడ రాయడానికి నా దగ్గర ఏముంది? రంగు చివర్లో రావాలని నేను ఇవాళ చెబుతున్నాను గానీ, నన్ను మొదట షాపు మెట్లెక్కించింది రంగే. మత్స్యదర్శినిలో పచ్చని ఆకు చూసి ఇంటికి పరిగెత్తుకొచ్చిన తొమ్మిదో తరగతి కుర్రాడు ఉంటాడా?

అయినా నా మాట మార్చుకోను. వారానికి ఒక గంట, బకెట్టు నీళ్ళు, ఆరేడు గంటల లైటు, ఇవి మించకుండా ఎన్నాళ్ళు నిలిస్తే అదే నా ట్యాంకు. బావమరిదిలాంటి వాళ్ళు వందకి ఎందరుంటారో గానీ, నాకు ఫోన్ చేసి సలహా అడిగేవాళ్ళెవరూ అలాంటి వాళ్ళు కారు.

మధురవాడ ట్యాంకు చివరికి కొన్నాను, సిలిండరు లేకుండా. ఆ అబ్బాయి రోటాలా కాడలన్నీ కత్తిరించి క్యారీ బ్యాగులో వేసిచ్చాడు, వద్దన్నా వినలేదు. సగం ట్యాంకులో నాటాను. నెలలోపే పచ్చబడ్డాయి, కొసలు మాత్రం కాస్త గులాబీ. మిగిలిన సగం పారేయడానికి మనసొప్పక, డాబా మీద పగిలిన ప్లాస్టిక్ తొట్టిలో కాస్త మట్టీ నీళ్ళూ పోసి పడేశాను. తర్వాత వాటి సంగతి మరిచిపోయాను. వానలకి అవి నీళ్ళు దాటి పైకొచ్చాయి. ఆకులు గుండ్రంగా, పూర్తి పచ్చగా మారిపోయాయి, పొలాల్లో కలుపులా.

ఈ సంక్రాంతికి ముందు అమ్మ ఆవకాయ జాడీ ఎండబెట్టడానికి డాబా ఎక్కి, అక్కడి నుంచే కేకేసింది. వెళ్ళి చూస్తే తొట్టి నిండా గులాబీ రంగు చిన్న చిన్న పూల కంకులు. "ఇవి దేవుడికి పెట్టొచ్చేట్రా?" అని అడిగింది. కలుపు మొక్కమ్మా అన్నాను. గుప్పెడు కోసుకెళ్ళి గేటు ముందు గొబ్బెమ్మలకి గుచ్చింది.